ఒంటరి ఆటలో తొండి ఏది, ఎత్తుగడ ఏది?

ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లు ఒంటరిగా ఆడేవాళ్ల నుంచి వస్తున్న ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే సందేహం చుట్టూ తిరుగుతున్నాయి: ఇలా గెలిస్తే గెలిచినట్టేనా? ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయించాం.

ప్రశ్న: డార్క్ సోల్స్‌లో కాప్రా డీమన్ చేతిలో లెక్కలేనన్నిసార్లు చచ్చాను. చివరికి దాని చోటుకు అడ్డుగా ఉండే పొగతలుపు దాటకుండా, బయట నుంచే గోడ మీదుగా నిప్పుబాంబులు విసిరి చంపేశాను. నా స్నేహితుడు అది తొండి అంటున్నాడు. ఎదుట మనిషే లేని ఆటలో తొండి ఎవరికి చేసినట్టు?

జవాబు: ఎదుట మనిషి లేడు కానీ ఎదుటి పక్షం ఉంది. చదరంగంలో మీరు ఎంత గొప్ప ఎత్తు వేసినా అవతలి పక్షానికి ఒక వంతు ఉంటుంది. ఆ వంతును తట్టుకుని గెలిస్తే ఎత్తుగడ. వంతే రాకుండా చేస్తే తొండి. మా గీటురాయి ఇదొక్కటే: మీరు చేసిన పనికి బదులు చెప్పే వీలు ఆటకు మిగిలిందా, లేదా?

కాప్రా డీమన్ పోరు కష్టం కావడానికి కారణం దాని బలం ఒక్కటే కాదు. ఇరుకు చోటు, అడుగు పెట్టగానే మీదపడే రెండు కుక్కలు, వాటి వెనకే రెండు కత్తులతో డీమన్. కెమెరా కూడా గోడకు తగిలి సరిగా తిరగదు. బయట నుంచి బాంబులు విసిరితే వీటిలో ఒక్కటీ మీ దాకా రాదు. అది నిలబడ్డచోటే దెబ్బలు తింటూ ఉంటుంది. కాబట్టి మీ స్నేహితుడి మాటే సరైనది.

అయితే దూరం నుంచి కొట్టిన ప్రతి దెబ్బా తొండి కాదు. అదే ఆటలో, వంతెన కాపలా కాసే డ్రాగన్ తోకను కింది నుంచి బాణాలతో కొట్టి డ్రేక్ కత్తి సంపాదించవచ్చు. అక్కడా మీరు మంటకు అందని చోటే ఉంటారు. కానీ ఆ బాణాలతో డ్రాగన్ చావదు, తోక మాత్రమే తెగుతుంది. తోకకు విడిగా దెబ్బలు లెక్కగట్టి, తెగితే కత్తి రావాలని పెట్టింది ఆట తయారుచేసినవాళ్లే. వాళ్లే బహుమతి పెట్టిన దారిలో నడవడం తొండి కాదు.

శత్రువు ఎక్కలేని బండమీద నిలబడి బాణాలు వేయడం గురించి కూడా చాలామంది అడుగుతున్నారు కాబట్టి దాని లోపలి సంగతి చెబుతాం. శత్రువులు నడవగల నేలను చాలా ఆటల్లో కంటికి కనిపించని వలలాగా ముందే గీసి ఉంచుతారు. మీరున్న బండ ఆ వలలో లేకపోతే, మీ దాకా దారి లేదని లెక్క తేలుతుంది. అప్పుడు ఆట మూడింట్లో ఒకటి చేస్తుంది. శత్రువును చాటుకు పరుగెత్తిస్తుంది, లేదా వెనక్కి పంపి ప్రాణం నింపేస్తుంది, లేదా ఏమీ తోచక గోడకేసి నడిపిస్తూనే ఉంటుంది. మొదటి రెండూ బదులే. అవి జరుగుతుంటే మీ బండ మంచి ఎత్తు, విలుకాడి పనే అది. మూడోది జరుగుతుంటే మీరు కొడుతున్నది శత్రువును కాదు, వలలోని చిరుగును.

కాప్రాను లోపలే ఓడించాలంటే కుక్కల సంగతి ముందు చూడండి. తలుపు దాటగానే డాలు ఎత్తి మొదటి దెబ్బ కాచుకోండి. ఆగకుండా లోపలున్న మెట్లు ఎక్కేయండి. మెట్లమీద కుక్కలు ఒక్కొక్కటిగా వస్తాయి, అక్కడే వాటి పని అయిపోతుంది. ఆ తర్వాత డీమన్ పైకి వచ్చినప్పుడు కిందికి దూకడం, కింద ఉన్నప్పుడు పై నుంచి దాని మీదికి కత్తితో దూకడం, మళ్లీ మెట్లెక్కడం. ఎత్తు ఇక్కడా మీకే అనుకూలం. కానీ అది మీ వెంట మెట్లెక్కి రాగలదు, తేడా అంతా అక్కడే ఉంది.

ప్రశ్న: బాల్డర్స్ గేట్ 3లో పాచిక నచ్చకపోతే సేవ్ (ముందు దాచుకున్న ఆట) లోడ్ చేసి మళ్లీ వేస్తున్నాను. ఎంతవరకు సమంజసం?

జవాబు: ముందు లెక్క చూద్దాం. మీ నైపుణ్యం కలుపుకున్నాక ఇరవై ముఖాల పాచిక మీద 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి అనుకోండి. పనికొచ్చే ముఖాలు ఆరు, అంటే 30 శాతం. మళ్లీ వేసుకునే హక్కును ఆటే ఇస్తోంది: ఇన్‌స్పిరేషన్ పాయింట్లు. ఒకటి ఖర్చుపెడితే గెలుపు అవకాశం 51 శాతానికి చేరుతుంది. దాచుకోగల నాలుగూ ఒకే చోట ఖర్చుపెడితే దాదాపు 83. గైడెన్స్ మంత్రం వేయించుకుంటే నాలుగు ముఖాల పాచిక ఒకటి అదనంగా కలుస్తుంది, సగటున రెండున్నర. పైగా వరుసగా ఓటములు రాకుండా సర్దే కార్మిక్ డైస్ అనే ఏర్పాటు మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది. అచ్చమైన పాచికలే కావాలంటే సెట్టింగ్స్‌లో దాన్ని ఆపుకోవాలి.

అంటే మళ్లీ వేయడాన్ని ఆట తప్పు పట్టడం లేదు, దానికో ధర పెట్టింది. లోడ్ బటన్ అదే సరుకును ధర లేకుండా ఇస్తుంది. 20 పడితేనే గెలిచే చోట, అంటే 5 శాతం ఉన్నచోట, 14 సార్లు వేస్తే సగానికి పైగా అవకాశం వస్తుంది, 45 సార్లు వేస్తే 90 శాతం. ఓపికుంటే ప్రతి పాచికా గెలుపే. అప్పుడు మాటకారితనానికి పాయింట్లు పెట్టిన పాత్రకూ, నోరు తెరిస్తే గొడవయ్యే మొరటువాడికీ తేడా ఉండదు. నష్టం అక్కడ జరుగుతుంది. పాత్రను మలుచుకోవడం ఈ ఆటల్లో సగం ఆట. లోడ్ దాన్ని తినేస్తుంది.

జేబుదొంగతనంలో ఇది మరీ ఎక్కువ. వ్యాపారి దగ్గరున్న మంచి వస్తువులు ఒక్కొక్కటీ తీసి, పట్టుబడిన ప్రతిసారీ లోడ్ చేస్తే అంగడి మొత్తం ఉచితం. ఆ తర్వాత డబ్బుకు విలువ ఉండదు, గుహల్లో దొరికే చిన్న సంచి బంగారం చూసి సంతోషం కలగదు.

మా సలహా ఇది. వేలు జారి తప్పు చోట నొక్కినప్పుడు, తెరమీద చదివిన మాటకూ పాత్ర నోటివెంట వచ్చిన మాటకూ పొంతన లేనప్పుడు, బగ్ వల్ల ఇరుక్కున్నప్పుడు, జట్టంతా చచ్చినప్పుడు లోడ్ చేసుకోండి. పాచిక, దొంగతనం, ఉచ్చు, ఈ మూడింటికీ చేయకండి. మనసు ఆగకపోతే సేవ్ చేసే అలవాటును మార్చండి: లాంగ్ రెస్ట్ (రాత్రి విడిది) తీసుకునే ముందు మాత్రమే సేవ్. ఒక్క పాచిక కోసం గంట ఆట వెనక్కి పోతుందంటే చెయ్యి అదే వెనక్కి తగ్గుతుంది. 2023 నవంబరులో వచ్చిన ఆనర్ మోడ్‌లో ఒక్కటే సేవ్ ఉంటుంది. కానీ అందులో బాస్‌లకు (పెద్ద శత్రువులకు) అదనపు దాడులు కూడా ఉంటాయి. కేవలం క్రమశిక్షణ కోసం మొదటిసారే దాంట్లోకి దిగడం మంచిది కాదు.

ప్రశ్న: స్కైరిమ్‌లో రిస్టొరేషన్ (గాయాలు మాన్పే విద్య) పోషన్ల కిటుకు గురించి విన్నాను. అది ఆట నియమాల్లోనే ఉంది కదా, తప్పేముంది?

జవాబు: నియమంలో ఉన్నదంతా ఒకటి కాదు. నియమం వాడుకోవడం వేరు, నియమంలో లొసుగు వాడుకోవడం వేరు. ఆ కిటుకు ఎలా పనిచేస్తుందో చూస్తే తేడా కనిపిస్తుంది.

ఆల్కెమీని (పోషన్లు చేసే విద్యను) పెంచే మంత్రం ఎక్కించిన నాలుగు వస్తువులు వేసుకుంటారు: తలపాగా, చేతితొడుగులు, ఉంగరం, మెడగొలుసు. ఆల్కెమీ బల్ల దగ్గర ఉప్పు, అబీసియన్ లాంగ్‌ఫిన్ చేప కలిపి రిస్టొరేషన్‌ను పెంచే పోషన్ చేస్తారు. అది తాగి, నాలుగు వస్తువులనూ విప్పి మళ్లీ వేసుకుంటారు. విప్పి వేసుకోవడమే కీలకం, ఎందుకంటే వస్తువులోని మంత్రం బలం వేసుకునే క్షణంలో లెక్క అవుతుంది. ఆ మంత్రాలు ఆట లోపలి జాబితాలో రిస్టొరేషన్ విద్య కిందే నమోదై ఉన్నాయి. అందుకని పోషన్ వాటినీ పెంచేస్తుంది. ఇప్పుడు చేసే పోషన్ ఇందాకటికంటే బలమైనది. అది తాగి మళ్లీ విప్పి, మళ్లీ వేసుకుని, మళ్లీ చేస్తారు.

గాయాలు మాన్పే విద్యను పెంచే మందు, ఉంగరంలోని మంత్రాన్ని ఉబ్బించాలని ఎవరూ అనుకోలేదు. జాబితాలో ఒక గుర్తు తప్పు చోట పడింది, అంతే. అందుకే ఆటగాళ్లు తయారుచేసిన అనధికార ప్యాచ్ (దిద్దుబాటు) దీన్ని మూసేసింది.

ఇందులో ఎక్కువమంది దెబ్బతినే చోటు చెబుతాం. అంకె ప్రతి చుట్టుకూ ఇంతలంతలవుతుంది. 32 బిట్ల లెక్కలో పట్టే గరిష్ఠం 214 కోట్ల పైచిలుకు. అది దాటగానే అంకె మైనస్‌లోకి తిరగబడుతుంది. బలం పెంచాల్సిన పోషన్ తగ్గిస్తుంది, ఒక్కోసారి ఆట మూసుకుపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. పోషన్ ప్రభావం కాసేపట్లో పోతుంది, కానీ ఆ ప్రభావంలో ఉండగా సానపట్టిన కత్తి, మంత్రం ఎక్కించిన కవచం శాశ్వతంగా అలాగే ఉండిపోతాయి. లక్షల దెబ్బ చూపించే కత్తి ఒకటి సంచిలో ఉంటే, ఏ డ్రాగన్‌కూ రెండో దెబ్బ అవసరం ఉండదు. చేసి చూడాలనిపిస్తే విడిగా ఒక సేవ్ పెట్టుకుని, చూసి, అది లోడ్ చేసుకుని బయటికి రండి. చేసిన వస్తువులు అసలు ఆటలోకి రానివ్వకండి.

ఇదే కోవలో మోరోవిండ్ (2002) ఉంది. తెలివి పెరిగితే పోషన్ బలం పెరుగుతుంది, తెలివి పెంచే పోషన్ కూడా చేయవచ్చు. ఇక్కడ జాబితాలో తప్పేమీ లేదు, నియమం బహిరంగమే. ఒకటి రెండు తాగి మంచి మందు చేసుకోవడం రసవాది తెలివి. యాభై తాగి దేవుడవడం మాత్రం పైదాని తోబుట్టువే. గీత ఎక్కడ గీయాలంటే, ఆ పోషన్‌తో దిగిన పోరులో శత్రువుకు కనీసం ఒక దెబ్బ కొట్టే వ్యవధి ఉందో లేదో చూడండి.

ప్రశ్న: అంగడివాడి తలమీద బుట్ట బోర్లించి దొంగతనం చేయడం?

జవాబు: స్కైరిమ్‌లో పాత్రల చూపు తల దగ్గర నుంచి గీసిన గీత. మధ్యలో అడ్డు ఉంటే చూడనట్టే. ఆ మేరకు అది నిజాయితీగల లెక్క, చీకట్లో దాక్కోవడానికి పనికొచ్చేదీ అదే. కానీ తలమీద బుట్ట బోర్లిస్తే ఎవరైనా తీసి పారేస్తారు. ఆ ఒక్క కదలిక అతనికి రాసిపెట్టలేదు. వంతు దక్కలేదు కాబట్టి తొండి. ఒకసారి చేసి నవ్వుకోండి, డబ్బు సంపాదనకు వాడకండి.

దాక్కుని బాణం వేయడం అలా కాదు. బాణం తగిలినవాడు వెతుకుతాడు, తోటివాళ్లను పిలుస్తాడు, దగ్గరికొస్తే కనిపెడతాడు. చాటు నుంచి కొట్టిన బాణం తగిన పెర్క్‌తో (అదనపు నైపుణ్యంతో) మూడు రెట్లు, బాకు పదిహేను రెట్లు అని ఆటే అంకెలు రాసిచ్చింది. దగ్గరికి వెళ్లే ప్రమాదానికే బాకుకు అంత పెద్ద అంకె.

ప్రశ్న: కష్టం తగ్గించుకుని ఆడితే?

జవాబు: తొండి కాదు. స్కైరిమ్‌లో లెజెండరీ అంటే మీ దెబ్బ పావు వంతు, శత్రువు దెబ్బ మూడు రెట్లు. నోవిస్ అంటే మీది రెట్టింపు, వాడిది సగం. శత్రువు బుర్ర రెండింటిలోనూ ఒకటే. ఒక బాస్ దగ్గర లొసుగు వెతుక్కోవడం కంటే కష్టం ఒక మెట్టు దించుకోవడం మేలు, కనీసం పోరు జరుగుతుంది.

ప్రశ్న: డివినిటీ ఒరిజినల్ సిన్ 2లో డెత్‌ఫాగ్ (ప్రాణాంతక పొగ) పీపా మోసుకొచ్చి బాస్ పక్కన పగలగొట్టాను. బాల్డర్స్ గేట్ 3లో పేలుడు పీపాలు పేర్చి చంపాను. పీపాలు ఆటలోవే కదా?

జవాబు: పీపాలు ఆటలోవే. పరిసరాలను ఆయుధంగా వాడుకొమ్మని ఆ రెండు ఆటలూ పదేపదే చెబుతాయి. నూనె మీద నిప్పు, నీటి మీద మెరుపు, ఎత్తు మీద నుంచి బరువు, ఇవన్నీ నేర్పించే పాఠాలే. డెత్‌ఫాగ్ ప్రాణమున్న ఎవరినైనా తక్షణం చంపుతుంది, అన్‌డెడ్ (చచ్చి లేచిన) పాత్రలకు మాత్రం ఏమీ కాదు. ఆ నియమం తెలుసుకుని, జట్టులోని అన్‌డెడ్ పాత్రను పొగ గుండా అవతలికి పంపడం చక్కని ఎత్తుగడ.

చిక్కు వచ్చేది పోరు మొదలవకముందు. మాట్లాడటానికి ఎదురుచూస్తూ నిలబడ్డ బాస్ చుట్టూ ఒక్కొక్కటిగా ఇరవై పీపాలు పేర్చినా కిమ్మనడు. కళ్లముందు పీపా దించితే అనుమానపడే మాట అతనికి రాయలేదు. తర్వాత దూరం నుంచి ఒక నిప్పుబాణం వేస్తే, మొదటి వంతు రాకముందే పోరు ముగుస్తుంది. చాలామంది అభిమానులు దీన్ని తెలివిగా లెక్కిస్తారు. మోసుకొచ్చిన బరువుకూ, ముందుచూపుకూ ఇచ్చే ఆ గౌరవాన్ని మేమూ కాదనం. అయినా మా తీర్పు మారదు. చూసేవాడు చూడనట్టు ఉండటం మీద కట్టిన ఎత్తుగడ అది.

మధ్యేమార్గం ఉంది. పోరు జరిగే చోట ముందే ఉన్న పీపాలు ఎన్నైనా వాడుకోండి. బయటి నుంచి తెచ్చేది ఒకటికి మించకుండా చూసుకోండి, అదీ పోరు మొదలయ్యాక, మీ వంతులో యాక్షన్ ఖర్చుపెట్టి విసరండి. అప్పుడు పీపా ఒక ఎత్తు అవుతుంది. దానికి ఖరీదుంటుంది, గురి తప్పే అవకాశముంటుంది.

ప్రశ్న: ఫైనల్ ఫాంటసీ 6లో వానిష్, డూమ్ మంత్రాలు వరుసగా వేస్తే బాస్‌లు కూడా చనిపోతారు. అది కావాలని పెట్టిందేనా?

జవాబు: కాదు. 1994లో వచ్చిన మొదటి రూపంలో తనిఖీలు జరిగే వరుస తప్పింది. వానిష్ వేస్తే శత్రువు కనిపించకుండా పోతుంది, మామూలు ఆయుధం తగలదు. దానికి ఎదురుగా, కనిపించనివాడికి మంత్రం తప్పక తగులుతుందని నియమం పెట్టారు. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ మంత్రం వేసినప్పుడు ఆట ముందు అడిగే ప్రశ్న "వీడు కనిపించడం లేదా?" అని. "వీడికి తక్షణ మరణం అంటదా?" అనే ప్రశ్న ఆ తర్వాతిది. మొదటిదానికి అవునని జవాబు రాగానే రెండోది అడగకుండానే మంత్రం తగిలేస్తుంది. గేమ్ బాయ్ అడ్వాన్స్ రూపంలో దీన్ని సరిచేశారు. బాస్‌కు ఆ రక్షణ ఉందని ఆటే రాసుకుంది కాబట్టి, దాన్ని దాటేయడం లొసుగే.

ప్రశ్న: మనం తొండి చేస్తున్నామా అని ఇంత ఆలోచిస్తున్నాం. ఆటే మనకు తొండి చేస్తే?

జవాబు: చేస్తుంది. కొన్నిసార్లు మన మేలు కోరి కూడా. ఫైర్ ఎంబ్లమ్ వరుసలో 2002 నాటి ఆట నుంచి వచ్చిన పద్ధతి చూడండి. తెరమీద 90 శాతం తగులుతుందని చూపిస్తుంది. లోపల రెండు అంకెలు తీసి సగటు చూస్తుంది కాబట్టి అసలు అవకాశం 98.1 శాతం. 70 చూపిస్తే అసలు 82.3. అదే 10 చూపిస్తే అసలు 2.1 మాత్రమే. మన వీరులు సాధారణంగా ఎక్కువ శాతంతో కొడతారు, శత్రువులు తక్కువ శాతంతో. మొగ్గు మనవైపే. 90 శాతం దెబ్బ తప్పితే మనుషులకు మోసంలా అనిపిస్తుంది కాబట్టి అంకెను మన మనసుకు సరిపడా వంచారు.

మనకు ఎదురు తిరిగేది ఆబ్లివియన్ (2006) పద్ధతి. మీ లెవెల్ పెరిగేకొద్దీ లోకమంతా పెరుగుతుంది. చివరికి దారిదోపిడీగాళ్లు కూడా ఖరీదైన గ్లాస్ కవచాలు వేసుకుని, కొద్దిపాటి బంగారం కోసం మీద పడతారు. పోరుకు పనికిరాని నైపుణ్యాలతో లెవెల్ పెంచుకున్న పాత్ర, పెరిగినకొద్దీ బలహీనమవుతుంది. ఇలాంటి చోట కష్టం మీటను కాస్త కిందికి జరపడం, లెవెల్ పెంచడం కావాలని ఆపుకోవడం మా లెక్కలో తొండి కావు, ఆట తప్పిన లెక్కను సరిచేయడమే. కానీ అదే ఆటలో ఒక్కొక్కటి 20 శాతం చొప్పున అయిదు వస్తువులకు కమీలియన్ మంత్రం ఎక్కించి, 100 శాతం కనిపించకుండా తిరగడానికి ఇది సాకు కాదు. కొట్టినా చూడలేని శత్రువులతో ఆడటానికి ఏమీ మిగలదు.

ప్రశ్న: నాకు నేనే నియమాలు పెట్టుకుందామనుకుంటున్నాను. నాలుగు రోజులకు జారిపోతున్నాయి. ఎలా పెట్టుకోవాలి?

జవాబు: నెట్‌హాక్ (1987 నుంచి ఉన్న ఆట) దీనికి మంచి నమూనా. ఆట ముగిశాక మీరు పాటించిన వ్రతాల పట్టిక చూపిస్తుంది: మాంసం తినలేదు, చదవలేదు, దేవుణ్ణి ప్రార్థించలేదు, స్వయంగా ఒక్క ప్రాణినీ చంపలేదు. ప్రతిదీ అవునా కాదా అని తేల్చగలిగేదే. "న్యాయంగా ఆడాలి" అనుకుంటే జారిపోతుంది, ఎందుకంటే పోరు మధ్యలో న్యాయం గురించి వాదించుకోవడం మొదలవుతుంది. "పోరు మొదలయ్యాక మెనూలోంచి మూడుకు మించి పోషన్లు తాగను" అనుకుంటే వాదనకు చోటు లేదు.

కొత్త పాత్ర మొదలుపెట్టే ముందు కాగితం మీద రాయండి, మూడు నాలుగు చాలు. ఎప్పుడు లోడ్ చేస్తాను. ఏ లొసుగులు ముట్టుకోను, పేరుపెట్టి. ఒక బాస్ దగ్గర ఎన్నిసార్లు ఓడాక కష్టం తగ్గించుకుంటాను. చివరిదాన్ని వదలకండి. దారి లేని నియమాన్నే మనుషులు ముందు ఉల్లంఘిస్తారు. పదిసార్లు ఓడాక ఒక మెట్టు దించుతాను అని ముందే రాసుకుంటే, పదకొండోసారి దించడం మీ నియమంలో భాగమే.

ప్రశ్న: తర్వాత వచ్చిన ప్యాచ్ ఒక పద్ధతిని మూసేస్తే, అంతకుముందు దానితో గెలిచిన గెలుపు చెల్లుతుందా?

జవాబు: మూసిన కారణం చూడండి. ఎల్డెన్ రింగ్‌లో మిమిక్ టియర్ అనే తోడును, ఆట విడుదలైన నెలలోపే 1.03 ప్యాచ్‌తో బలహీనపరిచారు. అది అంకెల సర్దుబాటు. పిలవమని ఆటే ఇచ్చిన తోడును అంతకుముందు పిలిచినవాళ్ల గెలుపు గెలుపే. నెట్‌హాక్ 3.6.0లో (2015) రెండు మార్పులు వచ్చాయి. నల్ల పుడ్డింగ్ అనే జీవిని ఇనుప ఆయుధంతో చీల్చి చీల్చి, చంపినప్పుడల్లా రాలే వస్తువులు ఏరుకునే సాగును మూసేశారు. శత్రువులను భయపెట్టే ఎల్‌బెరెత్ అనే మాట నేలమీద రాసి, దానిమీద నిలబడి కొట్టేవాళ్లకు, కొట్టగానే ఆ రాత చెరిగిపోయేలా చేశారు. రెండోది చూడండి: రాత వెనక దాక్కోవడం ఇప్పటికీ చెల్లుతుంది. దాక్కుని ఊపిరి పీల్చుకోవచ్చు, పారిపోవడానికి దారి చూసుకోవచ్చు. కొట్టారో, రాత పోతుంది, పక్కనున్నవాడు తిరిగి కొడతాడు. పాత వెర్షన్‌లో ఆడుతున్నా ఆ నియమాన్ని మీ కాగితం మీద రాసుకోవచ్చు.